అవ్వ తొడిగిన గళ్ళ రవిక

నిన్న పొద్దున పక్కింటి కోడలు ఒక గుడ్డ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "బిడ్డకు జబ్లాలు కుట్టియ్యి పెద్దమ్మా, నీ చేత్తోనే కుట్టల్ల" అంది. కోవిల్‌పట్టి బజారులో కొన్నదట. తెలుపు మీద లేత పచ్చ గళ్ళు. కొత్త గుడ్డకు కత్తెర పెట్టే ముందు ఒకసారి నీళ్ళలో ముంచి ఆరేయడం నాకు అలవాటు. ముంచగానే గంజి వాసన గుప్పున లేచింది. ఇక పని సాగలేదు. చేతులు నీళ్ళలోనే ఉంచుకుని అలా కూర్చుండిపోయాను.

ఆ వాసన మా ఇంటిది. కోవిల్‌పట్టి నుంచి ఒట్టపిడారం పోయే దారిలో దిగి, కరిసల్ చేల మధ్య చాలాసేపు నడిస్తే మా ఊరు. కరిసల్ అంటే నల్లరేగడి. వాన పడితే చెప్పు ఊడబెరుకుతుంది, ఎండితే కాలు పట్టేంత నెర్రెలిస్తుంది. గడప దాటితే తమిళం, గడప లోపల తెలుగు. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు విని, "ఇదేం తెలుగమ్మా, మా ముత్తాతల కాలం నాటిది!" అని నవ్వే తెలుగు.

నేను బడికి పోయింది కొద్దికాలమే. తాత వాకిట్లో ఇసుక పరిచి తెలుగు అక్షరాలు దిద్దించాడు. అమ్మ మిషను నేర్పింది. అవ్వ దండం పెట్టడం నేర్పింది. ఈ మూడింటితోనే ఇన్నేళ్ళు గడిచింది. ముగ్గురినీ తలుచుకోకుండా నేను దీపం పెట్టను.

మా ఊరి ఆడవాళ్ళలో సగం మంది తెల్లవారకముందే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వ్యాను ఎక్కిపోయేవారు. అమ్మకు మందు వాసన పడక దగ్గు వచ్చేది. దాంతో నాయన ఒక పాత కుట్టు మిషను తెచ్చి వసారాలో పెట్టాడు. కోవిల్‌పట్టిలో పసిపిల్లల బట్టలు అమ్మే ఒక అంగడివాళ్ళు కత్తిరించిన ముక్కలు మూట కట్టి బస్సుకు వేసేవారు. అన్నీ గళ్ళ గుడ్డలే. మా వైపు కట్టం గుడ్డ అంటారు. లేత పచ్చ, లేత నీలం, పలచటి గులాబీ, నిమ్మపండు కన్నా తేలికైన పసుపు. వాటితో అమ్మ జబ్లాలు, టోపీలు, పాల సీసా పెట్టుకునే సంచులు, చిన్న దిండ్లకు గలీబులు కుట్టేది. వసారాలో ఒక వైపు ఎండుమిరపకాయల ఘాటు, ఒక వైపు మిషను నూనె, మధ్యలో ఆ కొత్త గుడ్డల గంజి వాసన. పొయ్యి మీద ఉడుకుతున్న సజ్జ సంగటి వాసన వచ్చి వీటన్నిటి మీదా కూర్చునేది.

జబ్లా భుజాల దగ్గర నాడాలు కుట్టడం నా పని. ఒకరోజు అమ్మ నీళ్ళకు పోయినప్పుడు నేను ఒక గులాబీ గళ్ళ టోపీ తీసి మేకపిల్ల తలకు కట్టాను. అది బెదిరి ఊరంతా పరుగెత్తింది. రచ్చ మీద కూర్చున్న ముసలివాళ్ళు, "ఎవరింటి పెండ్లికూతురురా అది!" అని కేకలు వేశారు. అమ్మ టోపీని ఉతికి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసి, మూటలో మిగతావాటి కింద దాచింది. "ఏ బిడ్డ నెత్తిన పడతాదో, మేక మాదిరి అరస్తాది పో" అంది. అవ్వ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది.

అవ్వ గురించి చెప్పాలి. మా నాయనను కన్న తల్లి. పొడగరి. నల్లటి నున్నటి భుజాలు. మా వాళ్ళలో పెళ్ళయిన ఆడది రవిక తొడగకూడదని కట్టుబాటు. మా ఇంటి అమ్మవారికి పూర్వం ఎప్పుడో ఇచ్చిన మాటట. అమ్మ కాలానికి అది సడలింది. అవ్వ వయసువాళ్ళు మాత్రం నిలబెట్టుకున్నారు. ఒక్క చీరే, దాన్నే కప్పుకునే తీరు వేరు. కుడి దండ మీద వెండి కడియం ఒకటి. పెళ్ళినాడు తాత తొడిగించింది. చెయ్యి లావయ్యాక అది కండలో కూరుకుపోయి ఇక కదలలేదు. మధ్యాహ్నం వేళ నేను అవ్వ భుజం మీద తల పెట్టి పడుకుంటే చల్లగా, కాస్త ఉప్పగా, మేకల వాసనతో ఉండేది ఆ చర్మం.

అవ్వకు నాయన తరవాత ఒక్కతే కూతురు, మా అత్త. విరుదునగర్‌లో మిరపకాయల మండీలో పనిచేసేవాళ్ళ ఇంటికి ఇచ్చారు. వాళ్ళు సొంతంగా ఇల్లు కట్టుకుని పాలు పొంగించిన రోజు మేమంతా పోయాం. అవ్వ ఒక బుట్ట నిండా వేరుశనగకాయలు, బెల్లం పాకం మిఠాయి మోసుకుని వచ్చింది. ఆ వీధి పిల్లలు అవ్వను చూసి ఒకరినొకరు గిల్లుకున్నారు. నేను జిలేబీ తింటూ దొడ్డి మెట్టు మీద కూర్చుని ఉంటే, అత్త వచ్చి అవ్వ చెవి దగ్గర మెల్లగా అంది.

"ఇంగోసారి వచ్చేటప్పుడు ఒక రవికె తొడుక్కుని రామ్మా. ఈడ అందురూ ఒక మాదిరి సూస్తారు."

"సరి పాపా" అంది అవ్వ. అంతే. దొడ్లోనే అన్నం తిని, దొరికిన మొదటి బస్సుకే బయలుదేరింది.

ఆ తరవాత అవ్వ విరుదునగర్ పోలేదు. అత్త ఏటా అమ్మవారి పూజకు వచ్చేది. ప్రతిసారీ పిలిచేది. "ఒక్కతూరి రామ్మా, ఇంట్ల నాలుగు దినాలు ఉండు."

"మేకలను ఎవురు సూస్తారు పాపా?"

"మేకలు, మేకలు! కూతురు వద్దు నీకు, మేకలే కావల్ల."

అవ్వ నవ్వేది. ఇద్దరూ సంతోషంగానే విడిపోయేవారు. అలా ఏళ్ళు గడిచాయి.

ఒక ఎండాకాలం, మామ మనిషిని పంపించాడు. అత్తకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. మదురై పెద్దాసుపత్రిలో పెట్టి చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంటికి తీసుకుపొమ్మంటే ఏమిటో ఎవరూ అవ్వకు విడమరిచి చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది. అవ్వ మేకల్ని దొడ్లో కట్టి, కాళ్ళు కడుక్కుని, తిన్నగా మిషను దగ్గరికి వచ్చి నిలబడింది.

"అమ్మే, నాకు ఒక రవికె కుట్టు."

అమ్మ కాలు మిషను తొక్కుడు మీదే ఆగిపోయింది. "ఏంది అత్తా?"

"పాప కాడికి పోవల్ల. ఈ ఒళ్ళుతో పోతే ఆడ దానికి తలవంపు. సీక్కుగా పడుకోని ఉండాది, ఇప్పుడూ తలవంపు తేవల్లా?"

"అమ్మవారికి సెప్పిన మాట?"

"నేను అడుగుతాను ఆయమ్మను. నువ్వు కుట్టు."

ఇంట్లో వేరే గుడ్డ లేదు. మూటల్లో మిగిలిన ముక్కలు మాకే వదిలేసేవారు, ఆ లేత పచ్చ గళ్ళవాటిని గళ్ళకు గళ్ళు కలిసేలా జత చేసి అమ్మ రవికకు సరిపడా గుడ్డ చేసింది. కొలత తీసుకోవడమే కష్టమైంది. ఒంటికి టేపు తగలగానే అవ్వ సిగ్గుతో ముడుచుకుపోయి, చేతులు రెండూ పక్కలకు బిగించేసింది.

"సెయ్యి ఎత్తండి అత్తా."

"ఎత్తను. సూసి కుట్టు. మేకపిల్లకు టోపీ కొలిసి కుట్టినారా?"

చీర మీదనుంచే కొలిచి కుట్టింది అమ్మ. తొడిగి చూస్తే ఎడమ చెయ్యి సరిగ్గానే దూరింది. కుడి చేతి గుడ్డ కడియం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. కడియం మాట మేము ఎవరమూ తలుచుకోలేదు. అది అవ్వకు ఒక నగ అని మాకు తోచేదే కాదు, ఆమె ఎముకలాగే ఉండేది. రవిక సగం ఎక్కి, ఒక చెయ్యి గాల్లో పెట్టుకుని నిలబడ్డ అవ్వను చూసి తాత మంచం మీదనుంచి, "గంగిరెద్దు మాదిరి ఉండావే!" అన్నాడు.

"నగుబాట్లు సాలు. ఏంజేస్తాము ఇప్పుడు?"

"ఆసారిని పిలిసి కడియం కోయిస్తే?" అంది అమ్మ. ఆసారి అంటే కంసాలి.

అవ్వ గిరుక్కున తిరిగింది. "నీ మామ ఉసురుతో కూసోని ఉంటే కడియం కోయించేదా? నోరు కడుక్కో పో."

అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని గదిలోకి పోయింది. చాలాసేపటికి బయటికి వచ్చి, కత్తెర తీసుకుని ఆ చేతిని భుజం దాకా నిలువునా చీల్చింది. అంచులు మడిచి కుట్టి, జబ్లాకు పెట్టినట్టే నాడాలు పెట్టింది. ఆ నాడాలు నేనే కుట్టాను. చెయ్యి పరిచి, కడియం పైనుంచి కప్పి, ముడి వేస్తే సరిపోయింది. అవ్వ తన చేతిని తిప్పి చూసుకుంది.

"ఈ వయసులో నాకు జబ్లా కుట్టినావు అమ్మే" అంది. అమ్మ మళ్ళీ ఏడ్చింది. ఈసారి నవ్వు కూడా వచ్చింది.

మరునాడు తెల్లవారుతుండగా అవ్వ రవికను కొంగులో చుట్టుకుని అమ్మవారి దగ్గరికి పోయింది. అమ్మా నేనూ వెంట పోయాం. మా అమ్మవారికి గోపురం లేదు. చుట్టూ ముళ్ళకంప వెలుగు, అంటే కంచె, లోపల ఒక రాయి. ఏ శుభానికైనా ముందు అక్కడ కూర్చుని గౌళి పలుకు కోసం చూస్తారు. బల్లి పలికితే అమ్మవారు ఒప్పినట్టు. పెళ్ళిళ్ళు కూడా ఆ పలుకు కోసం ఆగిన ఊరు మాది. అవ్వ దండం పెట్టి కూర్చుంది. ఎండ కంప మీదికి ఎక్కింది. అవతల నెమళ్ళు అరిచాయి. చేలమీద గాలి వచ్చి పోయింది. గౌళి పలకలేదు. దూరంగా రోడ్డు మీద బస్సు హారను వినిపించింది.

"వద్దని కూడా సెప్పలేదు గదా అత్తా" అంది అమ్మ మెల్లగా.

అవ్వ ఇంకా కాసేపు రాయి వైపే చూసింది. తరవాత లేచి, కంప చాటున రవిక తొడుక్కుంది. హుక్కులు అమ్మ పెట్టింది, నాడాలు నేను ముడివేశాను. "ఒళ్ళంతా ఎవురో పట్టుకున్నట్టు ఉండాది" అంది అవ్వ.

కోవిల్‌పట్టి స్టాండులో మా ఊరి ఆడవాళ్ళు ఇద్దరు ఎదురయ్యారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె, "ఏం వదినే, సినిమాకా?" అంది. అవ్వ విరుదునగర్ బస్సు ఎక్కింది. సాత్తూరు దాటాక చూస్తే ఆమె వీపు మీద గుడ్డ చెమటకు తడిసి, లేత పచ్చ గళ్ళు ముదురు పచ్చ అయ్యాయి. నేను కొంగుతో విసురుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపి, ఒళ్ళో పెట్టుకుంది.

విరుదునగర్‌లో దిగగానే మండీల మిరపకాయ ఘాటు. అందరికీ కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళ మాటున అవ్వ ఏడుస్తోందో లేదో నాకు తెలియలేదు.

అత్త ముందు గదిలో మంచం మీద ఉంది. మొహం వాచి, కళ్ళు చిన్నవై, గుర్తుపట్టేలా లేదు. అవ్వ పోయి మంచం పట్టె మీద కూర్చుంది. అత్త చూసింది.

"ఎవురు?"

"నేనే పాపా."

అత్త చెయ్యి మెల్లగా పాకి వచ్చి గుడ్డ మీద ఆగింది. "ఏంది మా ఇది?"

"రవికె."

"ఎందుకు?"

"నువ్వే గదా సెప్పినావు. ఇంటికి పాలు పొంగిచ్చిన దినం, దొడ్లో."

అత్త చాలాసేపు ఆలోచించింది. నిజంగానే వెతుక్కున్నట్టు చూసింది. "నేనా? నేను అట్ల సెప్పలేదే మా."

అవ్వ కూతురి మొహం మీద పడ్డ జుట్టును వెనక్కి తోసింది.

"దీనికా నువ్వు రాలేదు ఇన్ని దినాలు? మేకలు, మేకలు అంటివే!"

"సరి. సెప్పలేదు. నేనే తప్పుగా ఇన్నాను" అంది అవ్వ.

నేను దొడ్డి మెట్టు మీద కూర్చుని విన్నదాన్ని. అవ్వ తప్పుగా వినలేదు. అత్త అబద్ధమూ ఆడలేదు. ఒక పూట సిగ్గుపడి అన్న మాట, అని మరిచిపోయింది. అవ్వ దాన్ని అన్నేళ్ళు మోసింది. నాకు పెళ్ళయి బిడ్డలు పుట్టాక అర్థమైంది అది. ఆనాడు మాత్రం, ఇద్దరిలో ఒకరు ఏడిస్తే బాగుండునని అనిపించింది.

"ఇప్పు మా. నీ బుజం మీద పండుకోవల్ల" అంది అత్త.

అవ్వ చేతులు హుక్కుల మీదికి పోయాయి. పుట్టాక ఒక్కసారైనా హుక్కు విప్పి ఎరగని వేళ్ళు. అవి గుడ్డను పట్టి లాగుతున్నాయి గానీ విప్పలేకపోతున్నాయి. అమ్మ వంటింట్లో ఉంది. నేను మంచం చుట్టూ తిరిగి వచ్చేలోపే వాకిట్లో చెప్పుల చప్పుడు. అత్తను చూడటానికి వీధిలోని ఆడవాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. అత్త వాళ్ళ అత్తగారు చాప పరిచింది. ఒకామె అవ్వను ఎగాదిగా చూసి, "రవికెలో ఎంత లచ్చనంగా ఉండావు పెద్దమ్మా!" అంది.

అవ్వ చేతులు కిందికి దిగాయి. చీర సర్దుకుంది.

అత్త తల ఎత్తి, ఆ గుడ్డ మీదనే చెంప ఆనించింది.

"గంజి వాసన వస్తాది" అంది. తల దిండు మీదికి జార్చి, గోడ వైపు తిరిగింది.

తాతకు ఒంట్లో బాగుండదు, నాయన చేనికి పోతే చూసేవాళ్ళు లేరు. రెండు రోజుల్లో మళ్ళీ వచ్చి ఉండిపోవాలని అనుకుని, పొద్దు వాలే ముందు బస్సు పట్టుకున్నాం. మేము మళ్ళీ బయలుదేరే లోపలే కబురు వచ్చేసింది.

ఆ ఏడు అమ్మవారి పూజకు మొదటి పొంగలి కుండ ఎప్పటిలాగే అవ్వ ఎత్తుకోబోయింది. అవ్వకు వరసకు ఆడబిడ్డ ఒకామె, మంచిదే, చెడ్డదేం కాదు, దగ్గరికి వచ్చి, "నువ్వు రవ్వంత పక్కన నిలబడు వదినే" అంది. అవ్వ నిలబడింది. తాను రవిక తొడిగినందుకే కూతురు పోయిందని ఆమె నమ్మకం, ఇంటికి వచ్చాక అమ్మ ఎంత చెప్పినా వినలేదు.

"కిడ్నీ పోయిన మనిసి రవికెతో పోతాదా అత్తా? డాక్టరు ముందే సెప్పేసె గదా!"

"ఆమా, సెప్పినాడు."

"మరి?"

"గౌళి పలికేదాక కూసోని ఉండవలసింది."

"కూసోని ఉంటే బస్సు పోతుండె."

"పోతే పోనీ. పాప ఉంటుండె."

రవిక వదిలేయమని తాత కూడా అన్నాడు. "ఒకతూరి తొడిగినాక ఇప్పినా ఒకటే" అంది అవ్వ. రోజూ తొడుక్కుంది. మొదటిది చీకిపోతే అమ్మ మరొకటి కుట్టింది, నీలం గళ్ళది, ఆ తరవాత గులాబీది. పసిబిడ్డల గుడ్డల్లో మిగిలిన ముక్కలతోనే. మేకల వెంట ఎండలో పోతూ, ఆ లేత రంగుల రవికలో అవ్వ దూరం నుంచి ఎవరో పరాయి మనిషిలా కనిపించేది. నేను ఇక ఆమె భుజం మీద పడుకోలేదు. పడుకోమని ఆమె పిలవనూ లేదు. తాత పోయిన నాడు ఆసారి వచ్చి కడియం కోసి తీశాడు. ఆ తరవాత ఆ చెయ్యి నాడాలు విప్పకుండానే రవికలోకి పోయేది.

అవ్వ మాత్రం అమ్మవారి మీద ఒక్క మాట అనలేదు. పొద్దున్నే ఆ వైపు తిరిగి దండం పెట్టేది. ఆమె పెట్టిన దండాలే నేను నేర్చుకున్నాను, అందుకు నేను రుణపడి ఉన్నాను. దగ్గరికి మాత్రం పోలేదు. ఆ కంప వెలుగు అవతలే ఆగిపోయేది.

ఇప్పుడు మా వాళ్ళలో రవిక లేని ముసలమ్మ ఒక్కతీ లేదు. కట్టుబాటు ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తు లేదు. దాన్ని తప్పినందుకు పక్కన నిలబడింది మా అవ్వ ఒక్కతే.

ఆమె పోయినప్పుడు నాకు కొత్తగా పెళ్ళయింది. దొడ్లో పెద్ద ఆడవాళ్ళు స్నానం చేయిస్తుంటే నేను నీళ్ళు అందించాను. అవ్వను పక్కకు జరగమన్న ఆ ఆడబిడ్డే, ఇప్పుడు ముడుతలు పడి వంగిపోయింది, "పాత తీరునే పంపుదాము, తీసెయ్యండి" అని ఒంటిమీది రవిక విప్పించింది. ఒకప్పుడు ఒళ్ళంతా ఒకే నలుపుగా ఉన్న మనిషి. ఇప్పుడు భుజాలూ వీపూ లేతగా తేలిపోయి ఉన్నాయి. మోచేతి పైన గీత గీసినట్టు ఆగిపోయింది ఎండ. మెడ కింద రవిక ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా తెల్లటి ఆకారం. రవిక తీసేసినా రవిక ఉంది.

ఆ ముసలామె గబగబా చీర కొంగు లాగి భుజాల మీద కప్పింది. నున్నటి తడి చర్మం, కొంగు జారిపోయింది. మళ్ళీ కప్పింది. మళ్ళీ జారింది. "ఆయమ్మకు తెలిసిపోతాది, తెలిసిపోతాది" అని గొణుగుతూ కప్పుతూనే ఉంది.

"ఇడవండి పిన్నమ్మా, తెలియనీండి" అంది అమ్మ. "ఎవురి కోసరం తొడిగిందో అదీ తెలియనీండి."

బయట మగవాళ్ళు తొందర చేస్తున్నారు. అట్లాగే ఎత్తుకుపోయారు.

నేను రోజూ దీపం పెట్టి అమ్మవారిని అందరి కోసం అడుగుతాను. నాయనకు ఇది, బిడ్డలకు ఇది, పక్కింటి పసిదానికి ఇది అని. అవ్వ దగ్గరికి వచ్చేసరికి ఏమి అడగాలో ఇప్పటికీ తెలియదు. ఆమెకు కావలసినది ఒక్కటే, అది ఆ మధ్యాహ్నం ఆ మంచం మీద దొరక్కుండా పోయింది. ఊరికే దండం పెట్టి లేస్తాను.